ఐలీన్ గారి తప్పు స్వరం

శ్రుతి విషయంలో కోటేశ్వరరావుకి దయాదాక్షిణ్యాలు లేవు. ఇంట్లో మైక్రోవేవ్ కూతపెడితే "పంచమానికి పిసరు తక్కువ" అని రోజూ విసుక్కునేవాడు. గుడిలో గంట శ్రుతి తప్పిందని పూజారిగారికి ఈమెయిల్ రాసి, జవాబు రాకపోతే రిమైండర్ కూడా పంపిన మనిషి. వారంలో అయిదు రోజులు మోరిస్‌విల్‌లోని ఇంట్లో కూర్చుని ఏదో ఇన్సూరెన్స్ కంపెనీ డేటాబేసులకి కాపలా కాస్తాడు గానీ, ఆయన ప్రాణమంతా గరాజ్‌లోనే ఉంటుంది. అక్కడ కారు ఉండాల్సిన చోట హార్మోనియాలుంటాయి. తెనాలి చుట్టుపక్కల పౌరాణిక నాటకాలకి హార్మోనియం వాయించిన తండ్రి దగ్గర రీడ్లనే లోహపు నాలుకలు గీకి శ్రుతి చేయడం నేర్చుకున్నాడు. ఇప్పుడు ఆరు గంటల దూరంలోని అల్ఫారెట్టా నుంచి కూడా భజన బృందాల వాళ్ళు పెట్టెలు కార్లో వేసుకుని ఆయన్ని వెతుక్కుంటూ వస్తారు.

ఆ గరాజ్ తలుపు తెరిచి ఉండగా ఒక మంగళవారం సాయంత్రం పక్కింటి ఐలీన్ గారు చేతిలో చిన్న చెక్కపెట్టెతో వచ్చింది. డెబ్భై నాలుగేళ్ళ మనిషి. పెన్సిల్వేనియాలో ముప్ఫై ఏళ్ళు స్కూలు బస్సు నడిపి, కొడుకుకి దగ్గరగా ఉండాలని ఇక్కడికి వచ్చి స్థిరపడింది. పెట్టెలో ఉన్నది కాన్సర్టీనా. ఆరు పలకల చెక్క బిళ్ళలు రెండు, వాటి మధ్య తిత్తి, రెండువైపులా బొత్తాలు. హార్మోనియాన్ని వేడినీళ్ళలో ఉతికితే ఇలా ముడుచుకుపోతుంది కాబోలు అనిపించింది కోటేశ్వరరావుకి. ఐర్లండ్ నుంచి నూటపదేళ్ళ కిందట ఓడలో వచ్చిందట. దాని మీద ఆవిడ ప్రతి ఆదివారం పక్కనున్న ర్యాలీ నగరంలో ఒక ఐరిష్ రెస్టారెంట్‌లో పదిమందితో కలిసి వాయిస్తుంది.

"తోలు పట్టీ తెగింది కోటీ. తిత్తికి ఎక్కడో చిల్లుపడి గాలి పోతోంది," అంది. కోటేశ్వరరావు అనే పేరు ఆవిడ నోట్లో అంతకంటే పట్టలేదు. "ఇది నానాది. ఆదివారం మా అక్క పెగ్గీ వస్తోంది, పదకొండేళ్ళ తరవాత. నానా పాట వినాలంటోంది. అప్పటికి అవుతుందా?"

కోటేశ్వరరావు 'నానా' అనే మాట దగ్గరే ఆగిపోయాడు. ఐర్లండ్ వాళ్ళు కూడా తండ్రిని నాన్న అనే పిలుస్తారని ఇంతకాలం తెలియనందుకు సిగ్గుపడ్డాడు. తన తండ్రి పెట్టె తన దగ్గర ఉన్నట్టే ఈవిడ తండ్రి పెట్టె ఈవిడ దగ్గర ఉంది. లోపలికి వెళ్ళి భార్య చాముండేశ్వరితో ఈ సంగతి చెప్పి మురిసిపోయాడు కూడా.

పట్టీ కుట్టడానికి ఒక గంట. తిత్తి మడతలో చిల్లుకి పల్చటి మేకతోలు అతకడానికి ఇంకో గంట. బుధవారం మధ్యాహ్నం లంచ్ బ్రేక్‌లో పని అయిపోయింది. అక్కడితో ఊరుకుంటే ఈ కథే లేదు. ఫోన్‌లో ట్యూనర్ పెట్టి, బొత్తాలన్నీ వరసగా నొక్కి చూశాడు. అన్నీ బుద్ధిగా పలికాయి, కుడిచేతి వైపు ఒకటి తప్ప. మెట్టుకీ మెట్టుకీ మధ్య దూరం నూరు పాళ్ళనుకుంటే, అది ముప్ఫై పాళ్ళకి పైగా కిందికి ఉంది. ట్యూనర్ ముల్లు ఎర్రబడింది. సరిగ్గా ఎంత తక్కువో రాసుకోలేదు. పాపం, ఇన్నేళ్ళూ ఆవిడ ఈ అపస్వరంతో ఎలా వేగిందో అని జాలిపడి, రీడ్ బయటికి లాగి, కొసన నాలుగుసార్లు గీకి, సరైన చోటుకి తెచ్చి కూర్చోబెట్టాడు.

సాయంత్రం ఐలీన్ గారు వచ్చి పట్టీ చూసి మెచ్చుకుంది. గరాజ్‌లో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, తిత్తి మోకాలిమీద ఆనించి మొదలుపెట్టింది. చకచకా గంతులేసే పాట. వింటుంటే కోటేశ్వరరావు కాలు దానంతటదే కదిలింది. పాట నాలుగడుగులు నడిచి ఆగింది. ఆవిడ మళ్ళీ మొదటినుంచి ఎత్తుకుంది. మళ్ళీ అక్కడే ఆగింది. మూడోసారి కాన్సర్టీనాని ఒళ్ళో పెట్టేసుకుని దానివంక కొత్తవాళ్ళని చూసినట్టు చూసింది.

"ఇది నానా పాట కాదు," అంది.

"ఒక నోటు బాగా తక్కువగా ఉంటే సరిచేశానండి," అన్నాడు కోటేశ్వరరావు, ఇంకా మెప్పు వస్తుందన్న ఆశతోనే.

ఆవిడ కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. "అది తప్పు కాదు కోటీ," అని మెల్లిగా చెప్పింది. "నానా వాళ్ళ ఊళ్ళో పైపులు వాయించే ఒకాయన ఉండేవాడట. మోచేత్తో తిత్తి నొక్కుతూ వాయిస్తారు. ఆ పైపు మీద ఆ నోటు అటూ కాదు, ఇటూ కాదు, మధ్యలో పలికేది. ఆయనతో కలిసి వాయించాలని, నానా పెళ్ళిగౌనుకి పెట్టుకునే పిన్ను తీసి ఆ రీడ్ తనే గీకేసింది."

కోటేశ్వరరావు ఎంత బాధలో ఉన్నా ఈ మాట మింగుడుపడలేదు. "మీ నాన్నగారికి పెళ్ళిగౌనా?"

"నాన్నేమిటి? నానా. మా అమ్మమ్మ."

తెలుగులో నాన్న అంటే ఏమిటో ఆయన చెప్పగానే ఐలీన్ గారికి నవ్వు ముంచుకొచ్చింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. ఆ తుడుచుకోవడంలో కొంత నవ్వుది కాదని కోటేశ్వరరావుకి తెలుసు. పెగ్గీకి పాట వాయించడం రాదు గానీ, చెవి మాత్రం మహా పదునట. "తను వినాలనుకుంటున్నది నన్ను కాదు, నానాని," అని చెప్పి ఐలీన్ గారు కాన్సర్టీనాని అక్కడే వదిలేసి వెళ్ళిపోయింది.

"అడగని పని చేశారన్నమాట. మళ్ళీ," అంది చాముండేశ్వరి, అంతా విని.

"శ్రుతి తప్పి ఉంటే ఎలా ఊరుకుంటాను చాముండీ?"

"గుడిగంట జోలికీ వెళ్ళారు, అది పెద్దది కాబట్టి బతికిపోయింది. ఇదేమో చేతికి దొరికింది."

మాట పడ్డాడు. పడాల్సిందే అనుకున్నాడు. దించడం పెద్ద విద్యేమీ కాదు. రీడ్ మొదట్లో గీకితే స్వరం దిగుతుంది. కానీ ఎంత దించాలి? పైగా నూటపదేళ్ళ ఉక్కు ముక్క. కొసన ఇప్పటికే పల్చబడింది. మొదట్లో కూడా నాలుగుసార్లు ఇటూ అటూ చేస్తే పుటుక్కుమని విరుగుతుంది. అంటే ఒక్కసారే సరిగ్గా దించాలి. ఎక్కడికి దించాలో తెలియకుండా ఆకురాయి పట్టుకోకూడదు.

గురువారం పొద్దున ఐలీన్ గారి కొడుకు పంపిన పాత వీడియో ఒకటి దొరికింది, రెస్టారెంట్‌లో తీసింది. ప్లేట్ల చప్పుడు, పక్కన ఎవరిదో పుట్టినరోజు, పైగా నలుగురు ఫిడేళ్ళ వాళ్ళు. ట్యూనర్ ముల్లు పూనకం వచ్చినట్టు ఊగింది. ఇక మిగిలింది ఐలీన్ గారి గొంతు ఒక్కటే. మధ్యాహ్నం ఆవిణ్ణి పిలిచి వంటింట్లో కూర్చోబెట్టి, పాడమన్నాడు.

"నేను పాడను," అంది ఆవిడ. "మూడో క్లాసులో మా కాన్వెంట్ సిస్టర్ నన్ను పాడొద్దంది, పెదాలు ఊరికే కదిలించమంది. అప్పటినుంచి చర్చిలో కూడా పెదాలే కదిలిస్తాను."

కోటేశ్వరరావు బతిమాలాడు. శ్రుతిపెట్టె యాప్ ఆన్ చేశాడు. తను ముందు పాడి చూపించాడు. ఆవిడ మరింత బిగుసుకుపోయింది. అప్పుడు చాముండేశ్వరి ఆ ఫోను తీసి అవతల పెట్టి, కిలో చిక్కుడుకాయలున్న పళ్ళెం తెచ్చి ఐలీన్ గారి ముందు పెట్టింది.

"ఈయన సంగతి వదిలేయండి. ఈ ఈనెలు తీయడం కాస్త సాయం పట్టండి, రేపు మా ఇంటికి పదిమంది భోజనానికి వస్తున్నారు."

ఆ పదిమంది సంగతి కోటేశ్వరరావు పెళ్ళయిన ముప్ఫై నాలుగేళ్ళలో మొదటిసారి అప్పుడే విన్నాడు. నోరెత్తబోతే భార్య కళ్ళతోనే కూర్చోమంది. ఆడవాళ్ళిద్దరూ ఈనెలు తీస్తూ కబుర్లలో పడ్డారు. నానా కూడా బఠాణీలు ఇలాగే వలిచేదని, వేళ్ళకి పని ఉన్నప్పుడు నోటితోనే పాట వాయించేదని ఐలీన్ గారు చెప్పింది. అలా చెబుతూనే, సగం పళ్ళెం అయ్యేసరికి, "డిడిల్ డై డిడిల్ డం" అంటూ సన్నగా తనే మొదలుపెట్టింది. తను పాడుతున్నట్టు ఆవిడకి తెలియదు. చాముండేశ్వరి చెయ్యి ఆపకుండా, తల ఎత్తకుండా, ఈనెలు తీస్తూనే ఉంది.

కోటేశ్వరరావు చెయ్యి చాచి, అవతల ఫోన్లో ఇంకా మోగుతున్న శ్రుతి చప్పుడు మెల్లిగా పెంచాడు. పాట ఆ చోటికి వచ్చింది. నిషాదం. కింది మెట్టు కైశికి కాదు, పై మెట్టు కాకలి కాదు, రెంటికీ మధ్యన ఎవరికీ చెందని చోట వచ్చి కూర్చుంది. రెండోసారి కూడా అక్కడే. అయిదోసారి కూడా వెంట్రుకవాసి తేడా లేదు. ఏ సిస్టర్ చెవికి వినపడలేదో గానీ, ఆవిడ గొంతు బంగారం అనుకున్నాడు. నాటకాల్లో కొన్ని పద్యాల దగ్గర తండ్రి ఉన్నట్టుండి హార్మోనియం మీంచి చేతులు ఎత్తేసేవాడు. ఎందుకని అడిగితే, "నటుడు వెళ్ళిన చోట నా పెట్టెలో మెట్టు లేదురా, అడ్డం తప్పుకున్నాను," అనేవాడు. అప్పుడు నవ్వులాటనుకున్నాడు. ఇప్పుడు తండ్రి మీద ప్రేమతో గొంతు బరువెక్కింది. కానీ గొంతుని ఇప్పుడు కదిలించడానికి వీల్లేదు, అందులో ఐలీన్ గారి నిషాదం ఉంది.

ఆ స్వరాన్నే 'ఊఁ' అని పట్టుకుని లేచాడు. ఇంట్లోంచి గరాజ్‌లోకి వెళ్ళే తలుపుకి అడ్డంగా బియ్యం బస్తాలున్నాయి. వీధి గుమ్మంలోంచి చుట్టూ తిరిగి వెళ్ళాలి. బయట అడుగుపెట్టేసరికి ఎదురింటి దివాకర్ పరుగెత్తుకుంటూ వచ్చాడు.

"అన్నా, ఐ-వన్ ఫార్టీ అప్రూవ్ అయిందే. ఇప్పుడే లాయర్ మెయిల్ చేసిండు."

రెండేళ్ళుగా ఆ కుర్రాడు దేనికోసం నిద్ర మానుకున్నాడో కోటేశ్వరరావుకి తెలుసు. వాణ్ణి గట్టిగా కౌగలించుకుని, వీపు తట్టి, "ఊఁ" అన్నాడు.

"గ్రీన్ కార్డుకి ఇంకా టైం పడ్తది గానీ, గిదైతే క్లియర్ అయింది గదా."

"ఊఁ."

"ఏమైందన్నా, పంటి నొప్పా?"

"ఊఁ," అని అదే నిషాదంలో జవాబిచ్చి గరాజ్‌లో పడ్డాడు.

ఆకురాయి పట్టుకున్నాడు. రెండు గీతలు గీసి, రీడ్ బిగించి, వాయించి చూశాడు. ఇంకా పైనే ఉంది. ఇంకొక్క గీత. గొంతులో స్వరం, పెట్టెలో స్వరం దగ్గర దగ్గరగా వచ్చి ఒకదానితో ఒకటి రాసుకున్నాయి. ఆఖరి గీత గీశాడు, దాన్ని గీత అనడం కూడా ఎక్కువే. రెండూ కలిసిపోయాయి. ట్యూనర్ పెట్టి చూస్తే ముల్లు ఎర్రగా మండిపోతోంది. ఆ ఎరుపు చూసి కోటేశ్వరరావు సంతోషించడం అదే మొదలు.

ఐలీన్ గారు వాయించి చూసి, ఆయన చెయ్యి పట్టుకుని కాసేపు వదల్లేదు. అయినా ఆయనకి నమ్మకం కుదరలేదు. ఐలీన్ గారు మంచి మనిషి, తనని నొప్పించకూడదని ఊరుకుందేమో. అసలు పరీక్ష పెగ్గీ చెవి.

ఆదివారం మధ్యాహ్నం మూడింటికి మొగుడూ పెళ్ళాలిద్దరూ ర్యాలీ వెళ్ళారు. రెస్టారెంట్ మూలన బల్లచుట్టూ పదిమంది కూర్చున్నారు. ఫిడేళ్ళు, ఒక ఫ్లూటు, కంజీరకి పెద్దక్కలాంటి తోలు వాద్యం ఒకటి. ఎవరూ ఏమీ ప్రకటించరు. ఒకరు ఎత్తుకుంటారు, వచ్చినవాళ్ళు కలుస్తారు, రానివాళ్ళు గ్లాసు అందుకుంటారు. ఎనభై ఒక్కేళ్ళ పెగ్గీ చేతికర్ర ఒళ్ళో పెట్టుకుని చెల్లెలి పక్కనే కూర్చుంది. చాముండేశ్వరి వెంట తెచ్చిన జంతికలు అప్పటికే బల్ల చుట్టూ రెండుసార్లు తిరిగాయి.

ఐలీన్ గారు నానా పాట ఎత్తుకుంది. అది ఆ ఇంటి పాట, ఇంకెవరికీ రాదు. అందుకని అందరూ చేతులు ఆపి విన్నారు. కోటేశ్వరరావు మాత్రం పాట వినలేదు, పెగ్గీ మొహమే చూశాడు. ఆ నిషాదం వచ్చింది, వెళ్ళింది. పెగ్గీ కనురెప్ప కూడా కదల్లేదు. రెండో చుట్టులో మళ్ళీ వచ్చింది. పెగ్గీ కళ్ళు మూసుకుంది. నచ్చక మూసుకుందో, నచ్చి మూసుకుందో ఆయనకి అంతుపట్టలేదు. అరచేతులు చెమర్చి జంతిక మెత్తబడింది. మూడో చుట్టు అయ్యాక పాట ఆగింది. జనం బల్ల మీద చరిచి మెచ్చుకున్నారు.

పెగ్గీ కళ్ళు తెరిచి, చెల్లెలి వైపు తిరిగి, చిన్నపిల్లని కసిరినట్టు కసిరింది.

"ఐలీన్, ఆ నోటు ఇంకా బాగుచేయించలేదా నువ్వు? నానా ఉన్నప్పటి నుంచీ మొత్తుకుంటున్నాను, అది తప్పు పలుకుతోందని."

చెప్పి, కసిరిన చేత్తోనే చెల్లెలి బుగ్గ పట్టుకుని, కళ్ళనిండా నీళ్ళతో నవ్వింది. నలభై ఏళ్ళుగా శ్రుతి చేస్తున్న కోటేశ్వరరావుని మెచ్చుకోనివాళ్ళు లేరు. ఏ మెప్పుకీ ఆయన ఒళ్ళు ఇలా పులకరించలేదు. పక్కన చాముండేశ్వరి ఆయన మోచేతిని చిన్నగా పొడిచింది.

ఐలీన్ గారు అక్క భుజం మీదుగా ఆయన వంక చూసింది.

"బాగుచేసేవాళ్ళు ఎవరూ దొరకలేదే పెగ్గీ," అంది.

"దొరకరండీ," అన్నాడు కోటేశ్వరరావు. "ఎంత వెతికినా దొరకరు."