ఎరువు పెట్టి పడగొట్టారు

ఆ సెడమ్ మొక్కల్ని పడగొట్టింది మీరు. గాలి కాదు, వాన కాదు, మా బాబాయి అసలే కాదు. ఆస్పత్రి ఆఫీసులో ఫ్యాను కింద కూర్చుని, మట్టి ముట్టుకోకుండా తోటపనికి చట్టం రాసిన మీరు.

నేను ఆ ఆస్పత్రి లాండ్రీలో దుప్పట్లు ఉతుకుతాను. మా బాబాయి అక్కడే పందొమ్మిదేళ్లు తోటమాలి. వార్డు కిటికీల కింద పొడవాటి మడి ఆయనది. దాని నిండా సెడమ్. దళసరి ఆకులు, ఆ ఆకుల్లోనే నీళ్లు దాచుకునే మొక్క. ఎండలు తగ్గాక గులాబీరంగు గుత్తులు వేస్తుంది. మంచం దిగలేని రోగులకు తెల్ల గోడలు కాక కనిపించే రంగు అదొక్కటే.

నిరుడు కొత్త సూపర్‌వైజర్ వచ్చాడు. జేబులో ఎప్పుడూ టేపు పెట్టుకు తిరుగుతాడని మేం కొలబద్ద అని పేరు పెట్టాం. వచ్చిన వారానికే మీ ఆఫీసు రాసిచ్చిన పట్టీ ఒకటి పనిముట్ల గది గోడకు అంటించాడు. ప్రతి మడికీ రోజూ నీళ్లు, సోమవారం సోమవారం ఎరువు. అయ్యాక గడిలో టిక్కు పెట్టాలి. గులాబీకైనా గడ్డికైనా సెడమ్‌కైనా ఒకటే మందు.

"అయ్యా, దీనికి తిండెక్కువైతే ఒళ్లు పెంచుకుని కూలబడుతుంది," అన్నాడు బాబాయి. "సారం లేని నేలే దీనికి మంచిది. మట్టి బాగా ఎండాకే నీళ్లు పొయ్యాలి. కొమ్మలు జానెడయ్యాక సగానికి తుంచితే గుబురుగా, గట్టిగా లేస్తుంది."

"ఎరువొద్దు, నీళ్లొద్దు, పైగా పూసే మొక్కని నరుకుతానంటావ్. ఇక నువ్వెందుకయ్యా ఇక్కడ? కుర్చీ వెయ్యమంటావా?"

బాబాయి చేతులు ఊరుకోలేదు. మడి ఆ చివర, మా లాండ్రీ గోడ పక్కన, రెండు దుప్పట్లు పరిచినంత మేర తుంచేశాడు. అక్కడ ఎరువు వెయ్యలేదు. నీళ్లు ఎప్పుడో ఓసారి. పట్టీలో మాత్రం ఆ గడుల్లో కూడా టిక్కులు పెట్టాడు.

"ఎందుకొచ్చిన గొడవ బాబాయ్? దొరికితే?" అన్నాను.

"పూశాక చూపిస్తానమ్మా. కళ్లారా చూస్తే కొలబద్దకైనా తలకెక్కుతుంది." నవ్వాడు. "కావాలంటే టేపు పెట్టి కొలుచుకోమందాం."

పూసింది. ఎరువు మెక్కిన కొమ్మలు తమ గుత్తుల బరువు తామే మొయ్యలేక నాలుగు వైపులా విరుచుకుపడ్డాయి. ఒక్కో దుబ్బు మధ్యలో బట్టతల. పూలు బురదలో. లాండ్రీ పక్కవి మాత్రం ఓ పది రోజులు ఆలస్యంగా, చిన్న గుత్తులతో, నిటారుగా నిలబడ్డాయి.

ఆ వారమే డైరెక్టరమ్మ తనిఖీకి వచ్చింది.

"ఇదేమిటి, గేదెలు పొర్లినట్టుంది?"

కొలబద్ద పట్టీ తెచ్చి చూపించాడు. "రెండు చోట్లా ఒకే నీళ్లు, ఒకే ఎరువు మేడమ్, టిక్కులు చూడండి. అక్కడ నిలబడినవి ఇక్కడ పడ్డాయంటే తప్పు ఎరువుది కాదు. ఈయన ఇటువైపు పట్టించుకోలేదు."

బాబాయి పెట్టిన టిక్కులే బాబాయి గొంతు పట్టుకున్నాయి.

"అక్కడి టిక్కులు అబద్ధమండీ," అన్నాడాయన. "అక్కడ ఎరువు వెయ్యలేదు, తుంచాను. అందుకే నిలబడ్డాయి. మా అమ్మాయి చూసింది, అడగండి."

అందరూ నావైపు తిరిగారు. చేతిలో తడి దుప్పటి. నీళ్లు కాళ్ల మీద కారుతున్నాయి.

"నాకు తెలీదండీ," అన్నాను.

"అంటే తప్పుడు రికార్డు రాశావన్నమాట," అంది డైరెక్టరమ్మ. మొక్కల వైపు మళ్లీ చూడనే లేదు. సాయంత్రానికి బాబాయిని తీసేశారు. ఆయన కత్తెర కడిగి, తుడిచి, నూనె రాసి మరీ అప్పగించాడు.

"నువ్వు మాత్రం ఏం చేస్తావులేమ్మా," అన్నాడు గేటు దగ్గర. తిట్టినా బావుండేది.

ఇప్పుడు సెడమ్ మళ్లీ మొలిచింది. మీ కొత్త మనిషి సోమవారం తప్పకుండా ఎరువు జల్లుతున్నాడు. పడిపోకుండా ఇప్పటినుంచే ప్లాస్టిక్ తాళ్లు కడుతున్నాడు. మొదలు చెడగొట్టి మెడకు తాడా? ఆ పట్టీ ఇంకా గోడమీదే ఉంది.

నేను చూశాను. తుంచడం చూశాను, ఎరువు వెయ్యకపోవడం చూశాను, మొక్క నిలబడటం చూశాను. ఆ రోజు అబద్ధం చెప్పాను. కింద సంతకం పెడుతున్నాను, నన్నూ తీసేస్తే తీసెయ్యండి. ముందు ఆ పట్టీ పీకండి. ఎరువు ఆపండి. బాబాయిని తీసేసిన కాగితం చింపి, ఆయన్ని పిలిచి ఆ కత్తెర చేతికివ్వండి. వచ్చే సోమవారం లోపు. కొమ్మలు అప్పుడే జానెడు దాటాయి.