ప్రభాకరరావు ఎంచిన ఫోర్కు

ప్రభాకరరావుకి సైకిలు గురించి తెలియని విషయం లేదని కాశీబుగ్గలో అందరూ అనుకునేవారు. అందరికన్నా గట్టిగా అనుకున్నది ప్రభాకరరావే.

జీడిపప్పు ఫ్యాక్టరీల రోడ్డులో పాతికేళ్ళుగా సైకిల్ షాపు నడుపుతున్నాడు. ఫ్రేము వంకర పోయిందో లేదో చూడాలంటే ఆయన వెనక ఇరుసు దగ్గర నూలుదారం కట్టి, ముందు హ్యాండిల్ గొట్టం చుట్టూ తిప్పి వెనక్కి తెచ్చేవాడు. దారానికీ సీటు గొట్టానికీ మధ్య రెండు పక్కలా ఒక్కలాగే వేలు దూరితే ఫ్రేము మంచిది, లేకపోతే కాదు. "నన్ను నమ్మకండ్రా, దారాన్ని నమ్మండి" అనేవాడు. జనం మాత్రం ఆయన్నే నమ్మేవారు. ఆయనకు కావలసిందీ అదే.

రెండువేల మూడు వేసవిలో అక్కుపల్లి నుంచి తారకేశ్వరరావు వచ్చాడు. సముద్రం మీద బతికే కుటుంబం, ఇరవై నాలుగేళ్ళ మనిషి. తల్లి కాసులమ్మ ఒడ్డున చేపలు ఎండబెడుతుంది, ఇతను పచ్చిచేపల పెట్టెలు సైకిలు మీద పూండి సంతకు చేరవేస్తాడు. ఇలాంటివాడు సైకిలుకి పంక్చరు వేయించుకోవాలి గాని, వింత కోరికతో వచ్చాడు.

"మావా, టీవీలో సూసినాను. ఎవుడో తెల్లోడు సైకిలు దిగకండా రాయి మీంచి రాయి మీదకి గెంతేత్తన్నాడు. కాలు కింద ఆనితే ఓడిపోనట్టంట. నాను మా ఊళ్ళో తుఫాను షెల్టరు మెట్ల మీద గెంతుతన్నాను. రెండు మెట్లు ఎక్కీసినాను, పాత సైకిలు ఫ్రేము ఇరిగిపోనాది."

ప్రభాకరరావు నవ్వాడు. చిన్నప్పుడు పక్కనే ఉన్న పలాసకి వారం రోజులు సైకిలు దిగకుండా తొక్కే ఆటగాళ్ళు వచ్చేవారు. తిండీ స్నానమూ అన్నీ సీటు మీదే. వాళ్ళ చుట్టూ తిరిగే సైకిళ్ళ పిచ్చోడయ్యాడు తను. కాలు కింద పెట్టకపోవడమంటే ఏమిటో ఆయనకు వేరే చెప్పనక్కర్లేదు.

"పొద్దున్న సేపలు మొయ్యాల, సాయంత్రం గెంతాల. రెండిటికీ పనికొచ్చీదొకటి సూడు మావా."

ఆ మాట ప్రభాకరరావుకి బాగా ఎక్కింది. నాలుగు రోజులు అదే పని. నల్ల పెద్ద సైకిలు ఫ్రేము బరువుకి మంచిదే, కానీ పొడుగెక్కువ, గెంతడానికి గేదెను లేపినట్టుంటుంది. ఆడవాళ్ళ సైకిలుకి పై గొట్టం లేదు, నాలుగు గెంతులకే నడుం విరుగుతుంది. పిల్లల సైకిలు చక్కగా లేస్తుంది, చేపల పెట్టె పెడితే చతికిలబడుతుంది. చివరికి లావు టైర్ల సైకిలు ఫ్రేము ఒకటి తీశాడు. పై గొట్టం కిందికి వాలి ఉంది, గెంతేటప్పుడు మోకాళ్ళకి తగలదు. వెనక చక్రం సీటుకి దగ్గరగా ఉంది, ముందు భాగం సులువుగా లేస్తుంది. క్యారేజి బిగించడానికి కన్నాలున్నాయి. దారం కట్టి చూశాడు, వేలు రెండు పక్కలా సమానంగా దూరింది. ఇంతవరకూ ఆయన చేసింది బంగారం లాంటి పని.

అప్పుడు తారకేశు అడిగాడు. "ముందర ఫోర్కు ఏదెయ్యాల మావా? గట్టిదా, స్ప్రింగుదా?"

ముందు చక్రాన్ని రెండు పక్కలా పట్టుకునే ఫోర్కుల్లో స్ప్రింగువి అప్పుడప్పుడే పలాసకి దిగుతున్నాయి. ప్రభాకరరావు వాటిని అమ్మాడు గాని, వాటి మీద గెంతినవాడు కాదు. ఏది మంచిదో ఆయనకు తెలియదు. "నాకూ తెలీదురా, రెండూ ఏసి సూద్దాం" అని ఉంటే ఈ కథే లేదు. పాతికేళ్ళ పేరు ఆ మాటను గొంతులోనే పట్టేసింది.

"స్ప్రింగుదే. గెంతి పడినప్పుడు దెబ్బ తగలదు" అన్నాడు, పుట్టినప్పటి నుంచి గెంతుతున్నవాడిలాగ.

పంద్రాగస్టుకి టెక్కలిలో కుర్రకారు సంఘం ఒకటి సైకిలు విన్యాసాల పోటీ పెట్టింది. దుంగ, ఇసుక బస్తాలు, సిమెంటు తూము, ఇనప డ్రమ్ము, చివర మూడు మెట్లు. కాలు కింద ఆనించకుండా దాటాలి. ప్రభాకరరావు షాపు మూసి మరీ వెళ్ళి ముందు వరసలో నిలబడి, "ఆ బండి నా సేతిదే" అని పక్కనున్న నలుగురికీ చెప్పాడు. తారకేశు దుంగ దాటాడు, బస్తాలు దాటాడు. తూము దగ్గర ఆగి, బ్రేకు పట్టి, ఒంట్లో బలమంతా కూడదీసుకుని ఎగిరాడు. ముందు చక్రం లేవాల్సినంత లేవలేదు. తూముకి కొట్టుకుంది, కాలు నేలకి ఆనింది. "పోయి సేపలు మోసుకోరా!" అని వెనక నుంచి ఎవడో అరిచాడు. మైదానమంతా నవ్వింది. ముందు వరసలో ఉన్న ప్రభాకరరావు మెల్లిగా మూడో వరసలోకి జారుకున్నాడు.

రెండో రోజు తారకేశు సైకిలు తెచ్చి వదిలాడు. "ఏటైనా తేడా ఉందేమో సూడు మావా. సాయంత్రం వొత్తాను."

ప్రభాకరరావు షాపు వెనక పెరట్లో తనే ఎక్కాడు. నలభై ఎనిమిదేళ్ళ ఒళ్ళు, తలుపు దగ్గరగా వేసి మరీ ఎక్కాడు. బ్రేకు పట్టి ముందు భాగం ఎత్తబోతే, ఎగరడానికి కిందికి నొక్కిన బలమంతా స్ప్రింగు మింగేసి కూర్చుంది. పైగా ఆ ఫోర్కు బరువు. అనుమానం తీరక దాన్ని విప్పి, గట్టి ఫోర్కు ఒకటి బిగించి మళ్ళీ ఎక్కాడు. కాస్త గుంజేసరికి సైకిలు చెయ్యి అందుకున్నట్టు లేచింది. తప్పు ఎక్కడుందో తెలిసిపోయింది. సాయంత్రానికల్లా స్ప్రింగు ఫోర్కునే మళ్ళీ యథాస్థానంలో బిగించేశాడు.

తారకేశు వచ్చి అడిగాడు. "ఏటి మావా, బండిలో ఏటైనా ఉందా?"

"బండి బంగారం రా. తొక్కీవోడి కాళ్ళలో సత్తువుండాల."

ఇంత మాట తన నోటి నుంచి ఎలా వచ్చిందో ఆయనకే తెలియదు. తారకేశు మాత్రం తన కాళ్ళ వంక చూసుకుని తల ఊపాడు. ఎదురు చెప్పి ఉంటే బాగుండేది. వాడు నమ్మేశాడు.

ఆ తర్వాత నెలల్లో వాడి సంగతులు వద్దన్నా షాపుకి వస్తూనే ఉన్నాయి. ఇసుకలో బస్తా మోసుకుని పరిగెడుతున్నాడట. పిక్కలకి నూనె రాయించుకుంటున్నాడట. మోకాలు వాచి వారం మంచం ఎక్కాడట. ఊళ్ళో వాడికి 'కాలుదించినోడు' అని పేరు పెట్టారట. విన్న ప్రతిసారీ ప్రభాకరరావు చేతిలో ఉన్న స్పానరు వైపు చూసేవాడు. చెప్పేద్దామనుకునేవాడు. ఇప్పుడు చెబితే, అప్పుడెందుకు చెప్పలేదంటాడు కదా అనుకుని ఊరుకునేవాడు. ఊరుకున్నకొద్దీ అది మరీ చెప్పలేనిదయింది.

ఏప్రిల్ చివర్లో తారకేశు వచ్చి, "పెద్ద క్యారేజి ఎయ్యి మావా. గెంతడం మానీసినాను" అన్నాడు. "నాకు కాళ్ళలో సత్తువ లేదు. నువ్వు సెప్పింది నిజిమే. మాయమ్మ అమ్మోరికి మొక్కింది కూడాను, ఏటీ పని సెయ్యలేదు."

ప్రభాకరరావు పెద్ద క్యారేజి బిగించాడు. నాలుగు బోల్టులూ బిగించేంతసేపూ తల ఎత్తలేదు.

మే నెల మొదటి ఆదివారం ప్రభాకరరావు వెళ్ళే క్రైస్తవ సంఘంలో ప్రభువు బల్ల, రొట్టె ద్రాక్షరసం పంచుకునే ఆరాధన. దానికి ముందు సాక్ష్యాలు, ఎవరి మనసులోది వాళ్ళు లేచి చెప్పుకోవడం. ప్రభాకరరావు లేచి నిలబడ్డాడు. ఒక సహోదరునికి నా గర్వం కొద్దీ అబద్ధం చెప్పాను, అతని నష్టానికి కారకుణ్ణయ్యాను, ప్రభువు నన్ను క్షమించునుగాక అన్నాడు. కళ్ళు తుడుచుకున్నాడు. "స్తోత్రం, స్తోత్రం" అన్నారందరూ. బయటికి వచ్చాక ఇద్దరు ముగ్గురు చేతులు పట్టుకుని, నీలా ఒప్పుకునేవాళ్ళు ఎంతమంది బ్రదరూ అన్నారు. తొమ్మిది నెలల తర్వాత ఆయన కడుపునిండా అన్నం తిన్నాడు.

రెండోసారి కూర వడ్డిస్తూ భార్య రూతు అడిగింది. "ఆ సహోదరుడు అక్కుపల్లి గుంటడేనా?"

"ఊఁ."

"ఆడికి సెప్పినావా?"

ప్రభాకరరావు మంచినీళ్ళ గ్లాసు అందుకున్నాడు.

"ఆడు మన సర్చికి రాడు కదేటి? ఆడికెలా తెలుత్తాది?" అంది రూతు. ఎత్తిపొడుపుగా కాదు, మామూలుగా. అందుకే ఆయనకు తలకొట్టేసినట్టయింది. సంఘంలో కార్చిన కన్నీళ్ళు గుర్తొచ్చి, ఆ కన్నీళ్ళకే ఎక్కువ సిగ్గేసింది. పేరు చెప్పలేదు, ఫోర్కు ఊసెత్తలేదు, పైగా మెచ్చుకోళ్ళు కూడా పుచ్చుకుని వచ్చాడు.

మర్నాడు గట్టి ఫోర్కు ఒకటి క్యారేజికి కట్టుకుని, స్పానర్లు సంచిలో వేసుకుని, జీడితోటల మధ్య నుంచి అక్కుపల్లి తొక్కుకుంటూ పోయాడు. దారి పొడుగునా ఏం చెప్పాలో కూర్చుకున్నాడు. తీరా తారకేశు ఎదురుపడి "ఏటి మావా ఇలగొచ్చినావు?" అనేసరికి కూర్చుకున్నదంతా ఎగిరిపోయింది.

"తప్పు నీ కాళ్ళది కాదురా. నా ఫోర్కుది. పోటీ అయిన రెండోనాడే నాకు తెలిసిపోనాది. నీకు అబద్ధం సెప్పినాను."

తారకేశు మళ్ళీ తన కాళ్ళ వంక చూసుకున్నాడు.

"నా కాళ్ళది కాదా?"

"కాదు."

"మరో సారి సెప్పు మావా."

"నీ కాళ్ళది కాదురా."

వాడు తిట్టలేదు. ప్రభాకరరావు భుజం పట్టుకుని, చేపలు ఎండబెడుతున్న తల్లి దగ్గరికి తీసుకెళ్ళాడు. "మాయమ్మకి సెప్పు" అన్నాడు. చుట్టూ ఇంకో నలుగురు ఆడవాళ్ళున్నారు, వలలు బాగుచేసుకుంటున్న మగవాళ్ళున్నారు. ఇక్కడ స్తోత్రం అనేవాళ్ళు ఎవరూ లేరు. ప్రభాకరరావు అందరి ముందూ మళ్ళీ అదే చెప్పాడు. ఈసారి ఫోర్కు అన్నాడు, అబద్ధం అన్నాడు, తన పేరు కూడా చెప్పుకున్నాడు.

కాసులమ్మ చేతులు తుడుచుకుంది. "నీకు తెలిసి ఎన్నాళ్ళైంది బావూ?"

"తొమ్మిది నెలలు అప్పా."

"తొమ్మిది నెలలు నాను ఆడి పిక్కలకి నూనె రాసినాను. అమ్మోరికి కోడినిచ్చి మరీ ఆడి కాళ్ళు బాగుసెయ్యమన్నాను. బాగున్న కాళ్ళు ఆయమ్మ మాత్రం ఏటి బాగుసేత్తాది?"

ఆవిడ నాలుగు తిట్లు తిట్టి ఉంటే తేలికపడేవాడు. ఆవిడ వంగి మళ్ళీ చేపలు తిరగేసుకుంది. ప్రభాకరరావుకి ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక సంచి విప్పాడు. షెల్టరు ముందు నేల మీద కూర్చుని స్ప్రింగు ఫోర్కు విప్పి, గట్టిది ఎక్కించి, బ్రేకు సరిచేశాడు. తారకేశు పెద్ద క్యారేజి తనే ఊడదీసి పక్కన పెట్టాడు. వలల దగ్గరున్నవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి చుట్టూ చేరారు. "కాలుదించినోడు మళ్ళీ ఎక్కుతన్నాడ్రా" అన్నాడొకడు.

తుఫాను షెల్టరుకి ఆరు మెట్లు. తారకేశు మొదటి మెట్టు ముందు ఆగి, పెడళ్ళ మీద నిలబడి, బ్రేకు పట్టి కిందికి వంగాడు.

ఆ క్షణంలో ప్రభాకరరావు మనసులో ఒక కోరిక పుట్టింది. వీడు పడిపోతే బాగుణ్ణు. పడిపోతే తప్పు కొంచెమైనా కాళ్ళదే అవుతుంది, తొమ్మిది నెలల అబద్ధంలో కొంచెమైనా నిజం మిగులుతుంది. సంఘంలో ఏడ్చి, ఇంతమంది ముందు ఒప్పుకుని, ఇంకా లోపల ఇది బతికే ఉందని ఆయనకు అప్పుడు తెలిసింది. ఎవరైనా విన్నారేమోనని చుట్టూ చూశాడు.

తారకేశు ఎగిరాడు. ముందు చక్రం మెట్టు మీద వాలింది, వెనక చక్రం దాని వెంట వచ్చింది. ఒకటి. రెండు. మూడో మెట్టు మీద ఊగాడు, నిలదొక్కుకున్నాడు. నాలుగు, అయిదు, ఆరు. పైన వరండాలో సైకిలు మీదే నిలబడి, రెండు కాళ్ళూ పెడళ్ళ మీదే ఉంచి, ఆయాసంతో నవ్వుతూ కిందికి చూశాడు. జనం ఈలలు వేశారు. కాసులమ్మ పమిట నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

"మావా, సూసినావా? సూసినావా మావా?" అని తారకేశు పై నుంచి అరుస్తున్నాడు. అందరినీ వదిలేసి ఆయన్నే పిలుస్తున్నాడు.

ప్రభాకరరావు చూశానని చెయ్యి ఎత్తాడు గాని, తల ఎత్తలేకపోయాడు.