సోడంబలి

మాంసం తగ్గించాలట! ఆదివారం ఆరాధన అయ్యాక, రాజాంలోని మా చర్చి హాల్లో శ్యామలాంబ టీచరుగారు మైకులో చెప్పారు. రిటైరయ్యాక ఆవిడ ఊరూరా తిరిగి ఆరోగ్యం గురించి మాట్లాడుతున్నారు. నేను ఆవిడ దగ్గరే మూడో తరగతి చదివాను.

"మాంసం మానలేకపోతే తగ్గించండి. మన నేలలో పండే రాగి తినండి," అన్నారు.

నా పక్కనున్న లీలారాణి అత్త లేచింది. "రాగంటే సెంబులు సేస్తారే, అదేటమ్మా? దాన్నెలగ తింతాం?"

హాలంతా నవ్వింది. టీచరుగారు కూడా నవ్వుతూ ఒక ప్యాకెట్ చింపి పిండి చూపించారు. నాకు ఒళ్లు మండిపోయింది. అది చోడిపిండి! పుట్టిన దగ్గర్నుంచీ మేము అంబలి కాచుకుంటున్న పిండి!

నేనూ లేచాను. "మాంసం మేం నెలకోపాలి వండుకుంతాం. రోజూ తాగేది ఈ సోడంబలే. గుర్తున్నాదా టీచరుగారూ? నేను బడికి సోడంబలి తెస్తే, ఆ నల్ల గంజి సూస్తే కడుపులో తిప్పుతన్నాదని, నన్ను గుమ్మం బయట కూకోబెట్టీసినారు."

ఆవిడ నవ్వు ఆగిపోయింది. "అప్పట్లో దాని విలువ తెలియలేదమ్మా, స్వర్ణా."

"ఇప్పుడు తెలిసింది కదా. దాని పేరు రాగి కాదు, సోడి. మైకులో సెప్పండి."

"చోడి," అన్నారావిడ మెల్లగా.

"గట్టిగా సెప్పండి. గుమ్మం బయటకి ఇనబడాల."