ఐదు గంటల పాట

దేవుని పాటలతో తన మాటలు చెప్పుకోవడం పాపమా కాదా అన్నది లీదియాకు ఇరవై రెండేళ్లుగా తేలని సందేహం. పాస్టరుగారిని అడుగుదామని చాలాసార్లు అనుకుంది. అడగాలంటే ముందు, రోజూ పొద్దున ఐదింటికి మందిరం మైకులో పాట వేసేది ఏబేలు కాదు, తనేనని చెప్పాలి. అది చెప్పడం కంటే సందేహాన్ని మోసుకుంటూ తిరగడమే సులువనిపించి ఊరుకునేది.

దొనకొండ పోయే దారిలో ఉన్న ఆ పల్లెలో ఆమె మొగుణ్ణి అందరూ మైకు ఏబేలు అంటారు. సంఘపెద్దలు మందిరం తాళంచెవి అతని చేతికిచ్చిన ఏడాది, మొదటి నెల అతనే లేచి మందిరానికి పోయాడు. తర్వాత ముసురు పట్టింది. "నాకు రొంప చేసింది. నువ్వు పోయి మిషను వత్తేసి రాపో. ఏమన్నా పెద్ద విద్యనా?" అన్నాడు. రొంప వారంలో తగ్గింది. లీదియా పోవడం మాత్రం ఆగలేదు. నాలుగింటికి లేవాలి, డ్రమ్ములో నీళ్లు చూసుకోవాలి, పొయ్యి మీద ఎసరు పెట్టాలి, మందిరానికి పోయి పాట వేసి, అది పాడుతుండగానే లోపల ఊడ్చి చాపలు పరచాలి, మళ్లీ ఇంటికొచ్చి మిరప కోతకు క్యారేజీ సర్దుకోవాలి. పండగలప్పుడు స్టేజీ ఎక్కి "హలో, హలో" అనడం ఒక్కటే ఏబేలు పని. ప్రతి క్రిస్మసుకూ సంఘం అతనికి శాలువా కప్పేది. "మన పల్లెకు పొద్దు పొడిచేది ఏబేలన్న చేతిలోనే" అని పెద్దలు అంటుంటే, లీదియా ఆడవాళ్ల చాప మీద కూర్చుని అందరితో పాటు చప్పట్లు కొట్టేది. ఆ శాలువాల్లో ఒకదాన్ని దుమ్ము పడకుండా ఆంప్లిఫయరు మీద కప్పింది. "నాకు కప్పిన శాలువా దానికి కప్పినావేందే?" అన్నాడు ఏబేలు. "పని చేసేది అదే గదా" అంది. అతను నవ్వాడు. అతనికి అందులో నవ్వు తప్ప ఇంకేమీ వినపడలేదు.

అయితే ఆ పనిలో ఆమెకొక సుఖం దొరికింది. అదే ఆమె సందేహానికి మూలం కూడా. ఇంట్లో ఏ పూట ఏ కూర వండాలో కూడా అత్తే చెప్పేది. అత్త పోయాక మొగుడు చెప్పాడు. మందిరంలో పొద్దున ఐదింటికి ఏ పాట వేయాలో మాత్రం ఎవరూ చెప్పలేదు. ఎవరి బిడ్డకైనా జ్వరమని తెలిస్తే ఓదార్పు పాట వేసేది. పడమటి వీధిలో ఎవడైనా తాగొచ్చి పెండ్లాన్ని కొట్టాడని తెలిస్తే తీర్పు దినం పాట, శబ్దం రెండు గీతలు పెంచి. ఒకసారి పప్పులో ఉప్పు లేదని ఏబేలు కంచం విసిరికొట్టాడు. మర్నాడు క్షమాపణ పాట మూడుసార్లు వేసింది. అతను దుప్పట్లోంచి తల బయటపెట్టి, "మిషను చెడిపోయిందా ఏంది, వచ్చిందే వస్తంది" అన్నాడు. పల్లెలో ఎవరికి ఏ పాట తగిలిందో ఆమెకు తెలిసేది కాదు. ఒక్కోసారి బోరింగు దగ్గర ఎవరో, "ఇయాల పాట నాకోసమే వేసినట్టుంది" అనేవాళ్లు. ఆ రోజంతా మిరప మంట కూడా తెలిసేది కాదు. దేవుణ్ణి పొగడడానికి ఉన్న పాటను నా నోరుగా వాడుకుంటున్నానే, ఆయనకు కోపం రాదా అని రాత్రి ప్రార్థనలో మాత్రం అడిగేది. జవాబు వచ్చేది కాదు. కోపమూ వచ్చినట్టు లేదు.

ఇప్పుడు ఆ సందేహం పక్కన ఇంకొకటి చేరింది. కూతురు రోజీ నర్సు చదువు చదివి, రెండేళ్లు మార్కాపురంలో ఒక ఆసుపత్రిలో చేసి, అది మానేసి డీజే అయింది. పెళ్లిళ్లకూ పుట్టినరోజులకూ పాటలు వేస్తుంది. గిద్దలూరు దాకా పిలుస్తున్నారట. ఏబేలు నెల రోజులు కూతురితో మాట్లాడలేదు. "సూది మందు వేసే చేత్తో ఆ బొత్తాలు తిప్పుతదా? వేయి మంది ముందర ఆడపిల్ల చేతులూపేదేంది?" అని పెండ్లాం మీద అరిచాడు. ఆడబిడ్డ భారతి ఇంకో మాట వేసింది: "మాయన్న మైకు పెట్టి దేవుణ్ణి పిలుస్తాడు, ఆయన కూతురు బాక్సులు పెట్టి దయ్యాల్ని ఆడిస్తంది. పెంపకం అట్లుంది మరి." పెంపకం అంటే లీదియా అని అందరికీ తెలుసు. ఆమెకు తెలియనిది ఒక్కటే. ఈ పిల్లకు ఈ పిచ్చి ఎందుకు పట్టింది? డబ్బుకా, పేరుకా, కుర్రకారు కేకలకా? నేనేం తక్కువ చేశాను?

ఈస్టరు తర్వాతి ఆదివారం రోజీ ఇంటికొచ్చింది. మధ్యాహ్నం తల్లీకూతుళ్లు వసారాలో కూర్చుని చింతపండు గింజలు తీస్తున్నారు. ఏబేలు లోపల నిద్రపోతున్నాడు.

"ఒకమాట అడుగుతా, నిజం చెప్పు" అంది లీదియా. "ఎవరిని చూసి పోయినావు ఆ పనికి?"

రోజీ నవ్వింది. "నిన్ను చూసే."

"నాతో ఎగతాళా?"

"ఎగతాళేముంది మా? చిన్నప్పుడు నీ కొంగు పట్టుకుని మందిరానికి వచ్చేదాన్ని గదా. నువ్వు పాట వేస్తావుంటే ఆ డబ్బా పక్కన చాప మీద పడుకునేదాన్ని. ఇంట్లో నీ మాట ఎవురన్నా విన్యారా ఎప్పుడన్నా? నాయన విన్యాడా, జేజమ్మ విన్యదా? ఐదింటికి మాత్రం అందరూ విన్యారు. నాయన కూడా మంచంలో పడుకుని విన్యాడు. అది నీ మాటని ఆయనకు తెలీదు, అంతే. అది చూసినా నేను. ఇదేందో బాగుందే, మాట్లాడకుండా మాట్లాడొచ్చే అనుకున్నా."

లీదియా చేతిలో చింతపండు అట్లే ఉండిపోయింది. ఇరవై రెండేళ్లు దేవుడికి తప్ప ఎవరికీ తెలియదనుకున్నది ఈ పిల్ల చాప మీద పడుకుని చూసింది.

"పెళ్లిళ్లలో నేను ముందు ఏం చేస్తానో తెల్సా?" అంది రోజీ. "వంటల కాడికి పోతా. అంట్లు తోమే ఆడోళ్లను అడుగుతా, అక్కా, నీకే పాట కావాల అని. ముందు సిగ్గుపడతారు. 'మాకెందుకులే పాపా' అంటారు. మళ్లీ పిలిచి చెవిలో చెప్తారు. ఆ పాట వేస్తా. పెండ్లికొడుకు స్నేహితులు తిట్టుకున్నా సరే, వేస్తా." తల్లి ముఖం చూడకుండా అంది: "అది మాత్రం నిన్ను చూసి నేర్చుకోలేదు మా. నువ్వు వెయ్యకపోతే నేర్చుకున్నా. ఎలీషబత్త అడిగింది గదా."

లీదియా తల వంచుకుని మళ్లీ గింజలు తీయసాగింది.

ఎలీషబా వరసకు వదిన. పల్లెలో అంత గొంతు ఇంకెవరికీ లేదు. ఒక క్రిస్మసుకు ఆమె పాడిన పాటను సంఘంవాళ్లు కేసెట్టులో ఎక్కించారు. తర్వాత కనిగిరిలో మొగుడి తన్నులు పడలేక పుట్టింటికి వచ్చేసింది. "కాపురం వదిలొచ్చిన మనిషి గొంతు దేవుని మైకులో రాగూడదు" అన్నారు పెద్దలు. కేసెట్టు పారేయమన్నారు. లీదియా పారేయలేదు, రుమాలులో చుట్టి ట్రంకుపెట్టెలో దాచింది. అంతవరకే చేయగలిగింది. పదకొండేళ్ల కింద ఒక పొద్దున బోరింగు దగ్గర ఎలీషబా అడిగింది. "మే లీదియా, పాట వేసేది నువ్వేనని నాకు తెల్సు. మీ ఆయన లేచే గడియ కాదది. నా కేసెట్టు ఒక్కసారి వెయ్యి. నేనింకా ఈ పల్లెలోనే ఉండానని నాకే అనిపించాల." పన్నెండేళ్ల రోజీ బిందె పట్టుకుని పక్కనే ఉంది. "రేపేస్తాలే వొదినా" అంది లీదియా. ఆ రాత్రి మొగుణ్ణి అడిగింది. "తాళంచెవి నీకిచ్చింది పాటలు వెయ్యటానికి, పంచాయితీలు చెయ్యటానికి కాదు" అన్నాడు. మర్నాడు ఎలీషబా, "ఏమ్మే, రేపేనా?" అంది. మూడు రోజులు అడిగింది. నాలుగో రోజు నుంచి అడగలేదు. మందిరం గడప కూడా తొక్కలేదు. లీదియా నీళ్లకు వేరే బోరింగుకు పోవడం మొదలుపెట్టింది. పల్లెలో అందరికీ పాట వేసింది, అడిగిన ఒక్క మనిషికి తప్ప.

"ఆ కేసెట్టు నీ ట్రంకుపెట్టెలోంచి తీసుకుపోయి నేనెప్పుడో మార్కాపురంలో పెన్‌డ్రైవులో ఎక్కించినా" అంది రోజీ. బ్యాగులోంచి తీసి చింతపండు చాట పక్కన పెట్టింది.

మర్నాడు ఐదింటికి లీదియా మందిరం తలుపు తీసి, శాలువా తొలగించి, పెన్‌డ్రైవు పెట్టింది. ప్రభువా, పాపమైతే నా ఒక్కదాని మీదే రాసుకో అనుకుని వత్తింది. కొంచెం బరబర, తర్వాత గొంతు. ముప్పై ఏళ్ల వయసప్పటి ఎలీషబా గొంతు, నీళ్లు తేరినట్టు, పల్లె మీదికి పోయింది.

రెండో చరణం కాకముందే ఏబేలు లుంగీ ఎగ్గట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. "ఆపు! ఎవరి గొంతది? సంఘం ఏమంటది? అందరూ నన్నే అంటారు!"

"నిన్నెందుకంటారు? ఇరవై రెండేళ్ల నుంచి వేసేది నేనని చెప్పు."

అతను మిషను ముందుకు వచ్చాడు. చెయ్యి ఒక బొత్తాం మీదికి పోయింది, ఇంకో దాని మీదికి పోయింది, గాలిలో నిలబడింది. మైకు ఏబేలు పెండ్లాం వైపు చూసి, చిన్నగా అడిగాడు: "ఏది వత్తాల?"

"పాట అయినాంక చెప్తా" అంది లీదియా.

పాట అయింది. వాకిట్లో అలికిడైంది. చేతిలో చీపురుతో ఎలీషబా. జుట్టు నెరిసింది. మిరప ఘాటుకు, పొగాకు దుమ్ముకు గొంతు ఎప్పుడో పోయింది. గడప బయటే నిలబడి అంది:

"రేపంటే ఇంత పొడుగుంటదా మే?"

"తప్పయింది వొదినా."

ఎలీషబా ఏబేలు వైపు ఒకసారి చూసింది. గడప దాటి వచ్చి, లీదియా అప్పుడే పరిచిన చాప మీద కూర్చుంది. చీపురు పక్కన పెట్టుకుంది. "ఇంకోసారి వెయ్యి" అంది.

లీదియా వేసింది. మైకులో గొంతు ఎత్తుకోగానే చాప మీద నుంచి ఇంకో గొంతు లేచింది. బొంగురుగా, సగం గాలితో, ఒక మాట వెనకగా. లీదియా ఆ గొంతు కూడా వినపడాలని శబ్దం రెండు గీతలు తగ్గించింది.