వీపు వెనకాల ఆట

నోరు మూసుకుని నిలబడడం మా వంశంలోనే లేదు. అందులోనూ నేను బస్ కండక్టర్ని. పొద్దున డిపోలో ఎక్కిన దగ్గర్నుంచి సాయంత్రం దిగేదాకా నా నోటికి సెలవుండదు. ముందుకి జరగండి, మెట్ల మీద నిలబడకండి, ఆ పిల్లాడి చెయ్యి లోపలికి లాగండి. అలాంటి మనిషికి దేశం పేరు రాసిన చొక్కా తొడిగి, అంత పెద్ద హాల్లో నిలబెట్టి, మాట్లాడకూడదు, వెనక్కి తిరగకూడదు అన్నారు. చేసుకున్నవాళ్ళకి చేసుకున్నంత.

ఇదంతా మా అన్నయ్య కూతురి కోసం. ఇంట్లో దాన్ని జడ్జిగారూ అని పిలుస్తాం. పుట్టినప్పుడే మెదడుకి దెబ్బ తగిలి కాళ్ళూ చేతులూ దాని మాట వినవు. మాట కూడా ఆగి ఆగి, ఒక్కొక్కటే వస్తుంది. కానీ వచ్చిన మాటకి అప్పీలుండదు. ఏ చొక్కా తొడగాలన్న దగ్గర్నుంచి టీవీలో ఏం పెట్టాలన్న దాకా తీర్పంటే తీర్పే.

అది ఆడే ఆట పేరు బోచా. చెప్పడానికి చాలా తేలిక. కోర్టనే నున్నటి నేల మీద ఒక తెల్ల బంతి ఉంటుంది. ఒకళ్ళకి ఆరు ఎర్ర బంతులు, ఇంకొకళ్ళకి ఆరు నీలం బంతులు. రౌండు ముగిసేసరికి ఎవరి బంతి తెల్లదానికి దగ్గరగా ఉంటే వాళ్ళకే పాయింట్లు, ఎదుటివాళ్ళ బంతికంటే దగ్గరగా ఎన్ని ఉంటే అన్ని. చేత్తో విసరలేని వాళ్ళకి ఒక ర్యాంపు ఉంటుంది. మేం దాన్ని జారుబల్ల అంటాం. మా జడ్జిగారు ఎటు తిప్పమంటే అటు తిప్పి, ఎంత ఎత్తులో బంతి పెట్టమంటే అంత ఎత్తులో పెట్టడం నా పని. తలకి కట్టిన పుల్లతో బంతిని వదిలేది మాత్రం అదే. రౌండు నడుస్తున్నంతసేపూ నేను కోర్టుకి వీపు పెట్టి దాని వైపే తిరిగి ఉండాలి. తల తిప్పినా, దానితో ఒక్క ముక్క మాట్లాడినా శిక్ష వేస్తారు. ఆలోచన దానిది, చెయ్యి మాత్రమే నాది.

ముందు ఈ పని మా వదిన చేసేది. జట్టుని ఎంచుకునే పోటీల్లో బంతులు ఠక్కుమనగానే "అయ్యో తల్లీ" అంటూ గిర్రున వెనక్కి తిరిగిపోయింది. ఒకసారి కాదు, పిలిచి చెప్పాక కూడా. ఆ సాయంత్రమే కోచ్ నా దగ్గరికి వచ్చాడు.

"మీరు బస్సులో ఎటు తిరిగి నిలబడతారు?"

"వెనక్కి తిరిగి. రోడ్డుకి వీపు పెట్టి, జనాన్ని చూస్తూ."

"అయితే మీరే కావాలి" అన్నాడు. అలా నాకు రెండో ఉద్యోగం వచ్చింది.

ఇక ఆ రోజు సంగతి. మా జట్టులో మిగతావాళ్ళందరూ ఒక్కొక్కళ్ళే ఓడిపోయి, మెడల్ మ్యాచ్ దాకా మిగిలింది మా జడ్జిగారు ఒక్కతే. ఈ ఆటలో మా దేశానికి అంతవరకూ మెడలన్నదే లేదు. ఈ మ్యాచ్ గెలిస్తే కంచు మెడల్. పొద్దున్నే జట్లన్నీ భోంచేసే హాల్లో కూర్చుని ఉండగా, వదిన గ్లాసు పట్టుకుని స్ట్రా అందిస్తుంటే, అది స్ట్రా వదిలేసి కోచ్ వైపు తిరిగింది.

"ఇంటికెళ్ళాక… ఆ కొత్తమ్మాయితో ఆడతాను."

కొత్తమ్మాయంటే ఫిజియోథెరపీ చదువుతున్న పిల్ల. అప్పుడప్పుడు మా ప్రాక్టీసుకి వచ్చి చూసి వెళ్ళేది. కోచ్ తన ప్లేటులోకి చూసుకున్నాడు. నేను మాత్రం ఊరుకుంటానా.

"ఏం, నాకేమైంది?"

"నువ్వు నాకంటే… ముందే వింటావు."

"ముందే వినడం మంచిదేగా!"

"కాదు. సగం మాట నా నోట్లో ఉండగానే… నీ చెయ్యి కదులుతుంది."

"ఇవాళ ఎందుకమ్మా ఈ గొడవ" అంది వదిన.

"ఇవాళ చూస్తాను. చూసి చెప్తాను" అంది అది. తీర్పు వాయిదా వేసిందన్నమాట.

దాచుకోవడమెందుకు, నాకు ఏడుపొచ్చింది. దీని సగం మాటకి మిగతా సగం తెలిసినదాన్ని ఈ భూమ్మీద నేనొక్కదాన్నే అని విర్రవీగుతూ ఉండేదాన్ని. దాహమో, చలో, విసుగో, నోరు తెరవకముందే కనిపెట్టేస్తాననే పేరు నాకు ఇంటా బయటా ఉంది. అదే నా తప్పంటే ఏం చెప్పుకోను? ఇంకొక పిల్ల వచ్చి నా చోట నిలబడడమా! ఎలాగైనా గెలిపించి నా చోటు నిలబెట్టుకోవాలనుకున్నాను.

అందుకు నా దగ్గర ఒక ఉపాయం కూడా ఉంది. నేను కోర్టుని చూడకూడదు, నిజమే. కానీ నాకెదురుగా జడ్జిగారు ఉంటుంది, దాని వెనక ప్రేక్షకులు ఉంటారు, మొదటి వరసలో మా వదిన ఉంటుంది. ఆవిడ మొహంలో సినిమా మొత్తం కనిపిస్తుంది. మన బంతి దగ్గరపడితే కళ్ళు ఇంతవుతాయి. ఎదుటివాడిది అడ్డొస్తే మెడ సాచి పక్కకి తొంగి చూస్తుంది. బంతి ఎటు పోవాలని కోరుకుంటే మనిషి మొత్తం అటే వాలుతుంది, మలుపులో నిలబడ్డ ప్యాసింజర్లాగా. వెనక్కి తిరగొద్దన్నారు గానీ వదిన మొహం చూడొద్దని ఏ రూలు పుస్తకంలోనూ లేదు.

ఎదుటి ఆటగాడు గడ్డం ఉన్న మనిషి. నీలం బంతులు అతనివి. అతని జారుబల్ల దగ్గర అతని తమ్ముడో ఎవరో గోడలాగా నిలబడ్డాడు. మొత్తం నాలుగు రౌండ్లు. మొదటి రౌండులో మాకు రెండు పాయింట్లు వచ్చాయి, రెండోదాంట్లో అతనికి ఒకటి. వదిన మొహం సక్రమంగా వార్తలు చదువుతోంది, నేను నెమ్మదిగా వింటున్నాను. అంతా బాగానే ఉంది.

మూడో రౌండులో వచ్చింది చావు. జడ్జిగారు "ఎడమకి… కొంచెం… చాలు" అంది. ఆపాను. బంతి పెట్టాను. అది పుల్లని బంతికి ఆనించబోతుండగా, దాని తల మీదుగా చూస్తే వదిన పెదవి కొరుక్కుంటూ కుడికి వాలిపోయింది, కుర్చీలోంచి సగం లేచి మరీ. నా చెయ్యి నన్నడగలేదు. జారుబల్లని ఆవగింజంత కుడికి జరిపింది. అప్పటికే బంతి జారిపోతోంది.

ఠక్కుమంది. వదిన రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుంది. మా బంతి వెళ్ళి నీలం బంతినే తెల్లదాని దగ్గరికి నెట్టి పెట్టింది. ఆ రౌండులో అతనికి రెండు పాయింట్లు. రెండూ మూడుతో మేం వెనకబడ్డాం.

రౌండుకీ రౌండుకీ మధ్య కాస్త విరామం ఇస్తారు. అప్పుడు తిరగొచ్చు, మాట్లాడొచ్చు. తిరగడానికి నాకు మొహం చెల్లలేదు. మాట్లాడింది అదే.

"అత్తా. అమ్మని చూస్తున్నావు."

"చూడకూడదని ఎక్కడుందే…" అని మొదలుపెట్టాను.

"నేను చెప్పకముందే… ఎందుకు లాగావు?"

ఆ మాట దానిది కాదు, నాది. ఒకసారి మా డ్రైవరు, అద్దంలో అందరూ ఎక్కేసినట్టు కనిపించిందని, నేను విజిల్ వెయ్యకముందే బస్సు కదిపేశాడు. ఒక ముసలాయనది ఒక కాలు మెట్టు మీద, ఒక కాలు రోడ్డు మీద. ఆయన్ని పట్టుకుని లోపలికి లాగి, నడిరోడ్డు మీద బస్సు ఆపించి, డ్రైవర్ని కడిగిపారేశాను. "నీ అద్దంలో ఏం కనిపించినా సరే, నేను చెప్పకముందే ఎందుకు లాగావు?" అని. ఆ కథ ఇంటికి వచ్చినవాళ్ళందరికీ నటించి మరీ చెప్పేదాన్ని. చక్రాల కుర్చీలో కూర్చుని అది ప్రతిసారీ విరగబడి నవ్వేది. దానికి కంఠతా వచ్చు.

అప్పటికి గానీ నా బుర్రకి తట్టలేదు. ఈ కోర్టులో నేను కండక్టర్ని కాదు. నా వీపు వెనక ఏముందో కనిపించని డ్రైవర్ని నేను. విజిల్ దాని దగ్గరుంది. నేను అద్దంలో వదినని చూసుకుంటూ బండి లాగుతున్నాను.

"ఇక లాగను తల్లీ" అన్నాను. రిఫరీ పిలిచాడు. వీపు తిప్పాను.

నాలుగో రౌండు ఎలా నడిచిందో తర్వాత వీడియోలో చూసి తెలుసుకున్నాను. జడ్జిగారు రెండు బంతులు వృథా చేసి, మూడోదాన్ని తెల్లదాని పక్కనే కూర్చోబెట్టింది. దాన్ని కదిలించడానికి గడ్డమాయన తన బంతులన్నీ ఖర్చు పెట్టుకున్నాడు. అతని ఆఖరి బంతి మాదాన్ని తోసేసి తెల్లదానికి అతుక్కుపోయింది. అతని చేతిలో ఇక ఏమీ లేదు. మా దగ్గర మూడు బంతులున్నాయి. గెలవాలంటే రెండు పాయింట్లు కావాలి. చూసేవాళ్ళకి మాత్రం అయిపోయినట్టే ఉంది.

ఇవేవీ నాకు అప్పుడు తెలియవు. నాకు తెలిసింది దాని మొహం ఒక్కటే. ఇన్నాళ్ళూ దాన్ని చూస్తున్నాననే అనుకున్నాను, నిజానికి దాని తల మీదుగా చూస్తున్నాను. ఆలోచించేటప్పుడు దాని ఎడమ కనుబొమ్మ కొద్దిగా లేస్తుందని అంతవరకూ నాకు తెలియదు.

"కుడికి" అంది.

తిప్పి ఆగాను.

"ఇంకా."

తిప్పాను.

"ఇంకా… ఇంకా."

జారుబల్ల మూతి ఎక్కడికో పోతోంది. ఎన్ని మ్యాచ్‌లు ఆడామో గానీ అంత పక్కకి ఎప్పుడూ తిప్పించలేదు. అక్కడ ఏ బంతీ ఉండే అవకాశమే లేదని నా చేతులకి తెలుసు. ప్రేక్షకుల్లోంచి వదిన గొంతు "అటెందుకమ్మా!" అని వినిపించి, ఎవరో ఉష్ అన్నారు. చూడలేదు. చూడకుండా ఉండడానికి పళ్ళు నూరుకోవలసి వచ్చింది. పిల్ల కంగారు పడిందా, అలిసిపోయిందా, నేను చేసిన తప్పుకి మనసు విరిగిపోయిందా అని లోపల ఒకటే గోల. కానీ దాని మొహంలో కంగారు లేదు. కందకి లేని దురద కత్తిపీటకెందుకని నన్ను నేను తిట్టుకున్నాను.

"చాలు" అంది. బంతి పోయింది. ఏ చప్పుడూ రాలేదు. దేనికీ తగల్లేదన్నమాట.

రెండోది కూడా అటే పంపింది. మళ్ళీ చప్పుడు లేదు. హాల్లో జనం గుసగుసలాడారు. కోచ్ దగ్గడం వినిపించింది. మనిషికి దిక్కు తోచనప్పుడు అలా దగ్గుతాడు.

ఆఖరి బంతి చేతిలోకి తీసుకున్నాను. "ఎడమకి" అంది. తిప్పాను. "పైకి… ఇంకా పైకి." జారుబల్ల చివరిదాకా, నా చెయ్యి సాచినంత ఎత్తుకి. అంత ఎత్తు నుంచి వదిలితే బంతి దేన్నయినా చెల్లాచెదురు చేస్తుంది. మెల్లగా దగ్గరికి చేర్చాల్సిన సమయంలో ఇదేం పిచ్చి? నా వేళ్ళు కిందకి దించుదామనే చూశాయి. దించలేదు.

"ఎడమకి… వెంట్రుకంత."

వెంట్రుకంత జరిపాను. ఆగాను. అది ఇంకా చెప్పలేదు. ఇంతకుముందైతే ఆ పాటికి నేనే చాలనుకునేదాన్ని. దాని పెదవులు కదిలాయి, మాట రాలేదు, మళ్ళీ కదిలాయి. నా జీవితంలో ఏ స్టాపులోనూ అంతసేపు ఎదురుచూడలేదు.

"ఇంకో వెంట్రుక" అంది.

అది నేను ఊహించింది కాదు. నేను ఊహించి ఉంటే బంతి ఆ వెంట్రుక తేడాతో పోయేది. జరిపాను.

"చాలు."

తల వంచింది. బంతి జారింది. ఠప్‌మని పెద్ద చప్పుడు, వెంటనే ఏదో దొర్లుతున్న చప్పుడు, ఆ తర్వాత ఏమీ లేదు. హాలంతా ఒక్కసారి లేచింది. అది ఆనందమో, అయ్యో అనడమో నాకు తెలియదు. రిఫరీ రౌండు అయిపోయిందని చెప్పేదాకా తిరగకూడదు. జడ్జిగారి మొహం చూశాను. చెక్కబొమ్మలా పెట్టుకుంది. కావాలనే పెట్టుకుంది. పొద్దుటి నుంచి నా మీద ఉన్న కసంతా అలా తీర్చుకుంది, దొంగపిల్ల. రిఫరీ మాట వినిపించింది. అయినా నేను కదల్లేదు.

"తిరుగు" అంది.

అప్పుడు తిరిగాను. తెల్ల బంతి అక్కడ లేదు. నీలం బంతులన్నీ పెళ్ళికూతురు లేచిపోయిన పెళ్ళివారిలా మధ్యలో నిలబడిపోయి ఉన్నాయి. తెల్లది దొర్లుకుంటూ వెళ్ళి కుడి మూల ఆగింది. అక్కడ ఒకదాని పక్కన ఒకటి మా ఎర్ర బంతులు రెండు దానికోసం ముందే కూర్చుని ఉన్నాయి. రెండు పాయింట్లు. నాలుగూ మూడు. అంతసేపు బిగబట్టిన నోరు కదా, నేను వేసిన కేకకి గడ్డమాయన కూడా ఉలిక్కిపడి, తర్వాత నవ్వాడు.

మెడల్ వేశాక, అందరూ ఏడ్చాక, జట్టు బస్సు దగ్గరికి వచ్చాం. ఫోన్లో అన్నయ్య ఇంకా ఏడుస్తూనే ఉన్నాడు. నేను వదినని పట్టుకున్నాను.

"మూడో రౌండులో కుడికి ఎందుకు వాలావు వదినా? నీ మూలంగా కొంప మునిగేది!"

"నేనా? కాలు తిమ్మిరెక్కితే జరిగి కూర్చున్నానే!"

కోచ్ పగలబడి నవ్వాడు. నాకు నవ్వాలో తల బాదుకోవాలో తెలియలేదు. నవ్వులు ఆగాక అతను గొంతు సవరించుకుని జడ్జిగారిని అడిగాడు.

"ఆ కొత్తమ్మాయికి ఏం చెప్పమంటావు?"

కుర్చీ పిడి మీద నా చేతులు బిగుసుకున్నాయి.

"రమ్మనండి" అంది అది.

నేను తల ఊపాను. గెలిచింది, అంతే చాలనుకోవడానికి ప్రయత్నించాను. దాని పెదవులు ఇంకా కదులుతున్నాయి. మాట మధ్యలో ఉంది. ఈసారి నేను పూర్తి చెయ్యలేదు.

"అత్త దగ్గర నేర్చుకుంటుంది. అత్తకి డ్యూటీ ఉన్న రోజు… తను ఉంటుంది."

నాకు కళ్ళు మసకలయ్యాయి. బస్సు తలుపు తెరుచుకుంది, కుర్చీ ఎక్కే పలక దిగింది. డ్రైవరు ఎక్కించమని చెయ్యి ఊపాడు. "తోయవే, అందరూ చూస్తున్నారు" అని వదిన తొందర పెట్టింది. నేను కదల్లేదు.

జడ్జిగారు తాపీగా ఒకసారి ఆకాశం చూసింది, ఒకసారి బస్సు చూసింది, మెడల్ వంకరగా ఉంది సరిచెయ్యమంది. సరిచేసి వెనక్కి వచ్చి నిలబడ్డాను.

"రైట్ రైట్" అంది.

అప్పుడు తోశాను.