వెయ్యి గళ్ల వల

సుత్తితో ఆమె ప్రయోగశాలలోకి దూసుకొచ్చిన మొగుడు తలుపు గడియ పెట్టాడు.

"నాలుగేళ్లు నన్ను గాలికొదిలేసి వెయ్యి గళ్ల వల అల్లుతున్నానన్నావుగా. ఏదే అది?"

ఆ వలకు ఒళ్లు లేదు. బల్లమీద అరచేతిలో పట్టేంత గాజుతీగ చుట్టలో కాంతి తిరుగుతోంది. అందులోని ఒక్కో రంగే వలలో ఒక్కో గడి. గళ్లు కొన్ని చెడినా కాంతి ఆ వల అంచు పట్టుకుని సాగిపోతుందని ఇవాళ కొలతల్లో తేలాలి. చుట్టే తెగితే మాత్రం ఏమీ మిగలదు.

ఆమె పరుగెత్తి మూలనున్న పాత ఇనప బీరువాను వాటేసుకుంది.

"దీని జోలికి రాకు, నీ కాళ్లు పట్టుకుంటా!"

"దొరికింది!" అంటూ అతను సుత్తి ఎత్తాడు. మొదటి దెబ్బకు ఆమె కుడి మోచెయ్యి విరిగింది. తర్వాత బీరువా, అందులోని పాడైపోయిన మీటర్లు తుక్కుతుక్కయ్యాయి. గాజుపెంకుల మీద ఆమె నెత్తురు చిందింది. చివరికి రొప్పుతూ సుత్తి పడేసి, బల్లమీద కూర్చుందామని గాజుతీగ చుట్టను పక్కకు నెట్టబోయాడు.

ఆమె ఎడంచేత్తో సుత్తి అందుకుని, అతను చాచిన చేతి మణికట్టు మీద కొట్టింది. ఎముక పటుక్కుమంది. అతను గావుకేక పెట్టి కూలబడ్డాడు.

"మొగుణ్ణే కొడతావటే?"

"కొలతలయ్యేదాకా అక్కడే పడుండు," అంది ఆమె సుత్తి దించకుండా. "తర్వాత డాక్టర్ని పిలుస్తా, ఇద్దరికీ."