మచ్చలు తీసే పేజీ

నేను ఒక పుస్తకాన్ని. కంప్యూటర్లో ఫోటోలు దిద్దడం నేర్పే ఇంగ్లిషు పుస్తకాన్ని. నా సంగతికేంగానీ, నన్ను కొన్న నవనీతకు లోకంలో అన్నిటికంటే పెద్ద భయమేమిటో ముందే చెప్పేస్తాను. తనకు ఇంగ్లిషు చదవడం రాదని, రెండో తరగతి చదివే కూతురు ఆద్య ముందు బయటపడటం. పామన్నా ఆమెకు అంత భయం లేదు. ఎనిమిదో తరగతిలో ఉండగా తల్లి మంచాన పడితే బడి మానేసింది. బిడ్డ హోంవర్కు పట్టుకొస్తే, "నువ్వు పెద్దగ సదువు, నేనింట" అని బీడీల చాట ముందేసుకుని తలూపుతూ కూర్చునేది.

నేను ఢిల్లీలో అచ్చయ్యాను. నున్నటి కాగితం, ఇటుకంత మందం. నన్ను రాసినాయన మొదటి పేజీలోనే "మీకు తెలిసినట్టుగా" అంటూ ఎత్తుకున్నాడు. తెలిసినవాళ్లు నన్నెందుకు కొంటారో ఆయనకు తట్టలేదు. మొదట కొన్న ఇంజినీరింగు కుర్రాడు ముందుమాట కింద ఎర్ర గీతలు గీశాడు, కొన్నాళ్లు నన్ను తలకింద పెట్టుకుని పడుకున్నాడు, చివరికి హైదరాబాదులో కోఠి ఫుట్‌పాత్‌కు చేర్చాడు.

నవనీత అక్కడికే వచ్చింది. జనగామ బస్టాండు ఎదుట ఫోటో స్టూడియో నడిపే భిక్షపతి ఆమెతో, "పని నేర్చుకోని రా పిల్లా, కంప్యూటర్ ముందటి కుర్చీ నీదే" అన్నాడట. పొగాకు ఘాటులోంచి బయటపడటానికి ఆమెకు కనిపించిన దారి ఆ కుర్చీ ఒక్కటే.

నా పక్కనే ఒక పలచటి తెలుగు పుస్తకం ఉండేది. అడుగడుగునా బొమ్మ, బొమ్మ కింద రెండు ముక్కలు. ఆమె చెయ్యి దానిమీదే పడింది. తెరిచి రెండు పేజీలు చదివింది, మొహం విప్పారింది. అంతలో అమ్మేవాడు, "గది కొత్తగ నేర్చుకునేటోళ్లది చెల్లే. నీకు పనొస్తదా, రాదా?" అన్నాడు. పక్కన పుస్తకాలు తిరగేస్తున్న కాలేజీ పిల్లలు తలెత్తి చూశారు.

"ఎందుకు రాదు? ఆ పెద్దదియ్యి" అంది నవనీత.

మనుషులు పుచ్చకాయను తట్టి చూసి కొంటారు, పుస్తకాన్ని మాత్రం పక్కవాడి చూపును బట్టి కొంటారు. ఆరోజు నేను పొంగిపోయాను. ఇప్పుడు తలుచుకుంటే అట్టలు మూసేసుకోవాలనిపిస్తుంది.

అయినా ఆమె నన్ను వదల్లేదు. స్టూడియోలో ఆ కుర్చీలో కూర్చుని నన్ను ఒళ్లో పెట్టుకునేది. తెరమీది మాటను, నాలోని మాటను అక్షరం పక్కన అక్షరం పెట్టి, కవల పిల్లల్ని పోల్చినట్టు పోల్చుకునేది. నాలో మచ్చలు తీసే పేజీ ఒకటుంది. ఎడమవైపు మొటిమల అమ్మాయి, కుడివైపు అదే అమ్మాయి, తుడిచిన పళ్లెంలా. ఆ పేజీ ఆమెకు బాగా పట్టుబడింది. పెళ్లికూతుళ్ల బుగ్గలు నున్నగా చేస్తుంటే భిక్షపతి "శెబాష్" అనేవాడు.

ఒకరోజు ఒకామె చనిపోయిన తన తల్లి కొమురవ్వ ఫోటో తెచ్చింది. దినాలకు దండ వేసి పెట్టుకోవడానికి పెద్దది చేసిమ్మంది. కొమురవ్వ నుదుట, గడ్డం మీద పచ్చబొట్లు. నవనీత చెయ్యి కాసేపు ఆగింది. వాళ్ల అమ్మమ్మకూ అట్లాంటివే ఉండేవి. కానీ నన్ను తిప్పి చూస్తే, కుడివైపు మొహం మీద ఒక్క చుక్కా లేదు. చదువుకున్నవాళ్ల పద్ధతి ఇదే కాబోలనుకుంది. ఒక్కొక్కటే తుడిచేసింది.

సాయంత్రం ఆ కూతురొచ్చి ఫోటో చూసి గొల్లుమంది. "మా అవ్వేది? గీమె ఎవరు? సున్నమేసిన గోడ లెక్క చేసిన్రు గదయ్యా! పచ్చబొట్లు లేని అవ్వను మేమెన్నడన్న చూసినమా?"

భిక్షపతి నవనీత వైపు తిరిగాడు. ఆమె నన్ను చూపించింది. "పుస్తకంల గట్లనే ఉంది సార్."

"ఏముంది? బొమ్మ కింద ఏం రాసిన్రో సదువు, అందరం ఇంటం."

అప్పుడే బడి వదిలి వచ్చిన ఆద్య, సంచీతో గుమ్మంలో నిలబడి ఉంది. నవనీత నన్ను పట్టుకుంది. ఆమె వేళ్ల చెమట నా కాగితానికి అంటింది. బొమ్మ కింది మొదటి మాట మీద వేలు పెట్టింది, ఆ వేలు అక్కడినుంచి కదల్లేదు.

ఆద్య వచ్చి నన్ను మెల్లగా లాక్కుంది. "అమ్మ కండ్లద్దాలు ఇంట్ల మర్శింది సార్. నేను సదువుత."

నవనీతకు కళ్లద్దాలే లేవు. ఆ బిడ్డకు ఎప్పటినుంచి తెలుసో, ఎన్నాళ్లుగా తల్లిని కాచుకొస్తున్నదో!

ఆద్య కూడబలుక్కుంటూ చదివితే భిక్షపతి తెలుగులో చెప్పాడు. మచ్చ తీసేముందు అది ఉండాలో పోవాలో ఆ మనిషిని అడగాలని రాసి ఉంది. నవనీత ఎవరి మొహమూ చూడకుండా బిడ్డ చెయ్యి పట్టుకుని వెళ్లిపోయింది.

పాత ఫోటో చూసి భిక్షపతే పచ్చబొట్లు మళ్లీ పెట్టిచ్చాడు. కుర్చీలో ఇంకెవరినీ కూర్చోబెట్టలేదు. రమ్మని రెండుసార్లు కబురంపాడు, ఆమె రాలేదు. నేనిప్పుడు కంప్యూటరు తెర కింద ఎత్తు కోసం ఉన్నాను. నాకు తగిన పనే.

మీరెవరైనా జనగామ వైపు వెళితే, మార్కెట్టు వెనక గల్లీలో నవనీత ఇల్లు అడగండి. వేళకు అన్నం తింటున్నదో లేదో, బిడ్డతో కళ్లెత్తి మాట్లాడుతున్నదో లేదో ఒక్కసారి చూసి రండి. నా పేరు మాత్రం ఎత్తకండి.